సాంచాల మోతలో దిగిన ఫోటో

పోశమ్మకు పెళ్లి ఫోటో లేదు. ఉండేది. తాపీ నది వరద ఇంట్లోకొచ్చిన ఏడాది ఆల్బం మొత్తం నాని ముద్దైపోయింది. ఆ తర్వాత భర్త గంగారాంతో కలిసి దిగినవన్నీ దండగే. ఇంట్లో పరాచికాలాడి అందరినీ నవ్వించే ఆ మనిషి, కెమెరా కనబడితే చాలు, సేటు ముందు నిలబడ్డట్టు బిగుసుకుపోతాడు.

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన కొత్తలోనే ఇద్దరూ ఖటోదరాలో ఒకే కార్ఖానాలో చేరారు. అతను సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు, ఆమె ఓ మూలన కూర్చుని వాటికి నూలు కండెలు చుడుతుంది. మొదట్లో ఆ మోతకు ఆమెకు తల పగిలిపోయేది. ఇప్పుడు మోత లేకపోతేనే నిద్ర పట్టదు.

ఇప్పుడు ఆ సాంచాలన్నీ సేటు సూరత్‌కు దూరంగా ఉన్న కిమ్ అనే ఊరికి తరలిస్తున్నాడు. అక్కడ కండెలు చుట్టడానికి మిషను వస్తోంది కాబట్టి పోశమ్మకు పిలుపు లేదు. గంగారాం అక్కడే గదిలో ఉండి వారానికోసారి ఇంటికొస్తాడు. "మంచిదే, జర నడుం వాలుస్త" అని పైకి అంటోంది గానీ, ఆమెకు లోపల గుబులుగా ఉంది. అతను వెళ్లేలోపు ఇద్దరిదీ ఒక్క మంచి ఫోటో కావాలని పట్టుబట్టింది.

కూతురు రుచిత దగ్గర జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా ఉంది. చేతిలో ఫోనుండగా ఇదేం పిచ్చో, కాలేజీ పిల్లలకు ఇప్పుడదే ఫ్యాషన్. ఆఖరి రోజు దాన్ని కార్ఖానాకు తెచ్చింది. లోపల వెలుతురు తక్కువ గనక ఫ్లాష్ వేసి ఒకటి తీసింది. ఇద్దరి కళ్లూ ఎర్రగా, పూనకం వచ్చినట్టు పడ్డాయి. నవ్వుకుని, ఫ్లాష్ సెట్టింగుల్లో కన్ను బొమ్మ ఉన్నదాన్ని ఎంచుకుంది. అందులో ముందు చిన్న వెలుగు మెరుస్తుంది. దానికి కంటిపాప ముడుచుకున్నాక అసలు ఫ్లాష్ పడుతుంది, కళ్లు ఎర్రగా రావు. "మొదటిది ఉత్తదే, కదలకుండ్రి" అని అరిచి చెప్పింది కూడా. ఆ మోతలో ఎవరికి వినబడాలి?

చిన్న వెలుగు మెరిసింది. అయిపోయిందనుకుని గంగారాం ఊపిరి వదిలి, భుజాలు దించి, పోశమ్మ వైపు తిరిగి ఏదో అన్నాడు. అసలు ఫ్లాష్ అప్పుడు పడింది.

బయటికొచ్చి చూస్తే రుచితకు నీరసం వచ్చింది. "ఏంది బాపూ, నోరు తెరిచినవ్, పక్కకు తిరిగినవ్. ఫోటో ఖరాబైంది. డిలీట్ కొట్టి ఫిర్‌సే తీస్త."

గంగారాం పాపం మళ్లీ బిగుసుకుని నిలబడ్డాడు. పోశమ్మ మాత్రం కెమెరా లాక్కుని చూసింది.

సాంచాల మధ్య బతికేవాళ్లు గొంతుతో మాట్లాడరు, పెదవులతోనే మాట్లాడుకుంటారు. గంగారాం నలుగురిలో భార్యను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. ఇంట్లో కూడా 'ఇగో' అనే పిలుపే. సాంచాలు మోగుతున్నప్పుడు మాత్రం, ఎవరికీ వినబడదన్న ధైర్యంతో, 'పోశీ' అంటాడు. కిమ్‌కు పోయాక ఆ పిలుపు ఇక ఉండదనే ఆమె ఇన్నాళ్లూ కుమిలిపోతోంది. ఫోటోలో అతని పెదవులు గుండ్రంగా ఆ మొదటి అక్షరం మీద ఉన్నాయి. కళ్లు ఆమె మీద ఉన్నాయి.

"గిదే ఉండనియ్. ఫ్రేము కట్టియ్" అంది పోశమ్మ.

"గిదా? బాపు ఏమంటుండో గూడ తెలుస్తలేదు" అంది రుచిత.

గంగారాం చటుక్కున తల వంచుకున్నాడు. పోశమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఆకలైతుందన్నడు" అంది.