కింది నుంచి మూడో లైను

ఆ రోజుల్లో తెల్ల కాగితం ముందు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి రాసేవాళ్లను చూస్తే నాకు జాలి వేసేది. ఎవడో ఒకడు ముందే రాసిపెట్టి ఉంటాడు, మనం పేర్లు మార్చుకుంటే చాలు అన్నది నా గట్టి నమ్మకం. ఈ విద్య మా ఊరు కోదాడలో బావ దగ్గర అబ్బింది. బావ అంటే మా అక్క భర్త. బస్టాండు దగ్గర ఆయనకు చిన్న డీటీపీ సెంటరు ఉండేది. డిగ్రీ అయ్యాక రెండేళ్లు అక్కడే పెళ్లి కార్డులు కొట్టాను. పాత కార్డు ఫైలు తెరవడం, వరుడు, వధువు, ముహూర్తం మార్చడం, ప్రింటు తీయడం. అంతవరకు బాగానే నేర్చుకున్నాను. ఆ తర్వాత బావ చేసేది మాత్రం నాకు చాదస్తంగా కనిపించేది. ప్రింటు బల్ల మీద పరిచి, స్టీలు స్కేలు అడ్డంపెట్టి, అట్టడుగు లైను నుంచి పైకి ఒక్కో లైనే చదివేవాడు. "పై నుంచి సదివితే కండ్లు వాటంతటవే ఉరుకుతయ్ బామ్మర్ది. కింది నుంచి అయితే ప్రతి లైను కాడ ఆగాల్సి వస్తది" అనేవాడు. నేను మొహం అటు తిప్పుకుని నవ్వుకునేవాణ్ణి.

తర్వాత సూర్యాపేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. టిఫిన్ సెంటరు పైన రెండు గదులు, పొద్దున పదింటి దాకా పోపు వాసన. నా పని క్లౌడ్‌కు కాన్ఫిగరేషన్ ఫైళ్లు రాయడం. అంటే ఎక్కడో దూరాన ఉన్న కిరాయి కంప్యూటర్లకు మనం రాసి పంపే చీటీ అనుకోండి. ఫలానా ప్రోగ్రాం నడపండి, దాని పేరిది, వచ్చిన వివరాలు ఫలానా చోట దాచండి. ప్రతి లైనులో ఎడమ పక్క ప్రశ్న, కుడి పక్క మన జవాబు. అమ్మకు ఇదంతా చెబితే "దరఖాస్తు నింపుడే కద బిడ్డా" అంది. (అంతకంటే బాగా నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.)

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒక్కో ఫంక్షన్ హాలు ఉన్న ఓనరు ఒకాయన, ఫోన్లోనే హాలు బుక్ చేసుకునే ప్రోగ్రాం కావాలని మా ఆఫీసుకు వచ్చాడు. హాలుకో ఫైలు. మొదటి రెండూ మా సీనియర్ రాసి, మిర్యాలగూడది నాకు అప్పగించాడు. నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. కోదాడ ఫైలు తెరిచి, పైనున్న పేరు, ఊరు, ఫోను నంబరు మార్చి, టీ చల్లారకముందే పని ముగించాను.

సరిగ్గా అప్పుడే నాకు మిర్యాలగూడ సంబంధం కుదిరింది. అమ్మాయి నాకు బాగా నచ్చింది. (ఆమెకు నేను ఎంత నచ్చానో ఇప్పటికీ తేల్చి చెప్పదు.) కాబోయే మామ లెక్కల హెడ్మాస్టరు. ఆయన అడిగింది ఒక్కటే, పెళ్లి ఆడపిల్లవారి ఊళ్లోనే జరగాలని. మావాళ్లు సరేనన్నారు. నేను గొప్పకు పోయి, "హాలు సంగతి నాకు వదిలెయ్యండి మామయ్యా, ఆ ప్రోగ్రాం రాసిందే నేను" అన్నాను. ఆయన ముందే ఫోను తీసి బుక్ చేశాను. తెర మీద మిర్యాలగూడ అన్న పేరు, పక్కన పచ్చటి టిక్కు. మామ "శభాష్ అల్లుడూ" అన్నాడు.

వారం తర్వాత ఆయన హాలు చూడబోతే, ఆ పేరు మీద ఇక్కడేమీ లేదన్నాడు మేనేజరు. ఆ తారీఖును నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చేశాడట. పాపం మంచివాడు, ఎందుకైనా మంచిదని కోదాడ హాలుకు ఫోన్ చేసి అడిగాడు. అక్కడ ఉన్నాను నేను. అదే తారీఖు, అదే పేరు.

మధ్యాహ్నం నాకు మామ ఫోన్. "బాబూ, పెండ్లి మా ఊర్లనే అని ఒప్పుకొని, మాకు తెల్వకుంట మీ ఊర్ల హాల్ తీసుకున్నరా? గిసోంటోళ్లతోని మాకు పొత్తు కుదరదు." అల్లుడి నుంచి బాబుకు దిగిపోయాను. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు, ఆ అమ్మాయి పోతే ఏం చేయను? సీనియర్ సెలవులో ఉన్నాడు. ఫైలు పై నుంచి కిందికి పదిసార్లు చదివాను. తప్పేమీ కనపడలేదు.

ఆదివారం బావను వెంటబెట్టుకుని కోదాడలో బస్సెక్కాను. హుజూర్‌నగర్ దాటినా, నేరేడుచర్ల దాటినా, తప్పు కంప్యూటర్లదే అని వివరిస్తూనే ఉన్నాను. బావ అంతా విని, "ఫైలు ప్రింటు తెచ్చినవా?" అని మాత్రం అడిగాడు. రెండు హాళ్లవీ తెచ్చాను.

మామ ఇంట్లో మంచినీళ్లిచ్చారు, టీ మాటెత్తలేదు. బావ సంచిలోంచి స్కేలు తీసి, మిర్యాలగూడ ప్రింటు అరుగు మీద పరిచి, కింది నుంచి మొదలుపెట్టాడు. మొదటి లైను. రెండో లైను. మూడో లైను దగ్గర స్కేలు ఆగింది. "ఇగో, గీడ ఉన్నది సార్. వివరాలు దాచే చోటు కోదాడ అనే రాసిండు."

మామ కళ్లజోడు సవరించుకున్నాడు. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి, జవాబు పత్రాలు దిద్దినట్టు వేలు ఆనించి చూశాడు.

"కాపీ కొట్టినవా?"

"అవును సార్" అన్నాను. (మామయ్యా అనాల్సింది. నోటికి అదే వచ్చింది.)

"నా సర్వీసుల పక్కోని హాల్ టికెట్ నంబర్ గూడ ఎక్కించుకున్నోన్ని ఒక్కన్నే సూసిన. రెండోటోనివి నువ్వు" అని, లోపలికి తిరిగి, "మోసం చేసేటోడు గింత అల్కగ దొరకడు. అల్లునికి టీ పెట్టుండ్రి" అన్నాడు. లోపలి గదిలోంచి ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఆమె నవ్వు నేను వినడం అదే మొదటిసారి.

పెళ్లి మిర్యాలగూడలోనే, మామ ఇంటి ముందు టెంటు వేసి జరిగింది. కార్డు నేనే కొట్టాను, ఖాళీ ఫైలు తెరిచి, మొదటి అక్షరం నుంచి.

ఇప్పుడు కార్డులన్నీ ఫోన్లలోనే పోతున్నాయని బావ సెంటరు మూసేశాడు. ఆ స్కేలు నేను అడిగి తెచ్చుకున్నాను. ఫైలు పంపేముందు దాన్ని తెరకు ఆనించి కింది నుంచి చదువుతుంటే, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు మొహం అటు తిప్పుకుంటారు. ఎందుకో నాకు తెలుసు. మూడో లైను దగ్గరికి రాగానే స్కేలు కాస్త ఆగుతుంది. తప్పేమీ ఉండదు. టీ చల్లారకముందే పని ముగించి కాలు మీద కాలేసుకు కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు, అంతే. వాణ్ణి తిట్టబుద్ధి కాదు. వాడు ఆ లైను కూడా చదివి ఉంటే, ఆ లోపలి గది నవ్వు నేను పెళ్లికి ముందే వినేవాణ్ణి కాదు.