మా అమ్మకు పనిచేసిన మాత్ర

మా పెద్దమ్మకు మా అమ్మ మీదున్న కుళ్ళు ఇంతా అంతా కాదు. తోడికోడళ్ళిద్దరూ ఒకే గదిలో, రెండు మిషన్ల మీద స్కూలు యూనిఫారాలు కుడతారు. అమ్మ కుట్టిన కాలరు బాగుందని ఎవరైనా అంటే చాలు, పెద్దమ్మ మిషను చప్పుడు పెరిగేది. అమ్మ జుట్టు, అమ్మ నిద్ర, చివరికి అమ్మ కడుపున నేను పుట్టడం, అన్నిటికీ ఆవిడ మూతి తిప్పింది.

బడులు తెరిచే ముందు ఇద్దరూ మిషను దిగరు. లేవాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగరు. ఈసారి ఇద్దరికీ ఒకేసారి మూత్రంలో మంట పట్టుకుంది. అమ్మ డాక్టరమ్మకు చూపించుకుని వారానికి సరిపడా మాత్రలు తెచ్చుకుంది. మర్నాటికే మంట తగ్గుముఖం పట్టింది. పెద్దమ్మ అదే మాత్ర మందుల షాపులో కొనుక్కుని మింగింది. మంట తగ్గకపోగా నడుము పక్కన నొప్పి, వణికించే జ్వరం.

"చూశావా, దానికి రోగం కూడా చెప్పిన మాట వింటుంది," అంది నాతో, పళ్ళు నూరుతూ. నాకు నవ్వొచ్చింది. ఒళ్ళు ముట్టుకుని చూశాక నవ్వు ఆగిపోయింది.

ఆసుపత్రిలో చేర్చాం. మూత్రం పరీక్ష ఫలితం వచ్చిన రోజు పెద్దమ్మ దగ్గర నేనే ఉన్నాను. అమ్మ ఇంట్లో మిషను మీద ఉంది.

"ఈ మాత్రలు ఇంతకుముందు వాడారా?" అని అడిగింది డాక్టరమ్మ.

వాడకేం. గుడ్డముక్క పారేయని మనిషి మాత్ర పారేస్తుందా? కాస్త నయమవగానే ఆపేసి, మిగిలినవి బొత్తాల డబ్బాలో వేసేది. జలుబు చేసినా, మళ్ళీ మంటొచ్చినా అందులోంచి ఒకటో రెండో తీసి మింగేది.

"అలా మింగినప్పుడల్లా బలహీనమైన క్రిములు చచ్చి, మొండివి మిగిలాయి. ఇప్పుడు మీ ఒంట్లో ఉన్నవి వాటి సంతానం. ఆ మాత్రలకు లొంగవు. కిడ్నీ దాకా పాకాయి. ఇక ఇంజక్షన్లే దిక్కు. వాటికైనా లొంగితే అదృష్టం," అంది డాక్టరమ్మ.

సాయంత్రం అమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. "నాకు పూర్తిగా నయమైందక్కా. ఇవాళ్టి నుంచి ఆపేస్తున్నా. మిగిలినవి దాచుంచుతాలే, మళ్ళీ వస్తే ఇద్దరికీ పనికొస్తాయి."

నేను పెద్దమ్మ మొహంలోకి చూశాను. ఆవిడ నోరు మూసుకుంటే చాలు, ఏదో ఒక రోజు ఇద్దరూ సమానమవుతారు.

"ఇవాళ్టి మాత్ర ఉందా సంచిలో?" అంది పెద్దమ్మ.

"ఉంది."

"తియ్యి. నా ముందు మింగు. అయిపోయేదాకా రోజూ ఇక్కడికే తెచ్చుకుని మింగు."

అమ్మ నీళ్ళ గ్లాసు ఎత్తింది. పెద్దమ్మ ఆ గొంతు వైపే చూస్తూ ఉంది. మాత్ర దిగింది.

"నీకింకా పనిచేస్తుందే," అంది పెద్దమ్మ, ఏడుపు ఆపుకోలేక.