ఆంప్లిఫయరు వెనక రేకు

మొన్న ఈస్టరు అయ్యాక వచ్చిన రెండో ఆదివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, మా పాత మందిరంలో గిటారు మూగబోయింది. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది గానీ దాన్ని నమ్మకండి. ఆరాధనకు జనం జల్దీ రావాలని పాస్టరుగారే దాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పిపెట్టారు. నేను నా చేతి గడియారం చూసి చెబుతున్నాను. ఆ నిమిషం కోసం రెండు వారాలుగా ఎదురుచూస్తున్నాను మరి. ఏమైంది, ఏమైంది అని అందరూ మెడలు చాచి చూస్తుంటే నేనొక్కణ్ణే ముందు వరసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. అయ్యో పాపం అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు.

మణుగూరు బస్టాండు వెనక సందులో నలభై ఏళ్లుగా నాది రిపేరు దుకాణం. చిన్నప్పుడు చదువు అబ్బలేదు. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నాను. అక్షరం రాకుండా కరెంటు పని ఎలా చేశావని అడుగుతారు. రెసిస్టర్ల మీద ఉండేవి రంగు గీతలు, రంగులకు బడితో పనిలేదు. అంకెలు బజారే నేర్పింది. వాల్వు అంటే గాజుబుడ్డి, దాని అడుగున ఉండే కాళ్లను వాటి మధ్య వెడల్పు సందు దగ్గర మొదలుపెట్టి వేలితో లెక్కపెట్టుకుంటే చాలు. మధ్యాహ్నం బొగ్గు బాయిలో బ్లాస్టింగ్ అయినప్పుడు బల్ల మీది వాల్వులు గల్లుమనేవి. ఏది ఎలా మోగిందో విని, ఏది వదులయిందో చెప్పేవాణ్ణి. అడవి ఊళ్ల నుంచి ఆటోల్లో తెచ్చే మైకు సెట్లు, పెళ్లి బ్యాండు వాళ్ల పెట్టెలు, మందిరాల ఆంప్లిఫయర్లు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఇది నా గొప్ప కాదు. అవన్నీ ఒక్క పూటలో ఎలా పోయాయో చెప్పడానికి చెబుతున్నాను.

పాతికేళ్ల కింద, ఆ మందిరం కొత్తగా కడుతున్నప్పుడు, ఒక దొరసాని తన దేశం పోతూ పాత వాల్వు గిటారు ఆంప్లిఫయరు ఇచ్చిపోయింది. నల్లటి పెట్టె, ఇద్దరు మోయాలి. వేడెక్కితే దుమ్ము కాలిన వాసన, దాని వెనకే కొంచెం తీపి వాసన వచ్చేది. గిటారు వాయించేది కాలనీ సారు. బొగ్గు కంపెనీ కాలనీలో పెద్ద ఉద్యోగం, కోస్తా నుంచి వచ్చి ఇటు పొలాలు కొన్న కుటుంబం. చెయ్యి మంచిది, అబద్ధమెందుకు. ఆయన హైదరాబాదు నుంచి ఒక ఎకో డబ్బా, మీటిన స్వరాన్నే వెనకనుంచి మళ్లీ వినిపించేది, తెచ్చుకున్నాడు. దాన్ని గిటారుకూ ఆంప్లిఫయరుకూ మధ్య పెడితే పాట అంతా ముద్దయిపోతోంది. ఏం చేద్దామయ్యా అని నా దగ్గరికి వచ్చాడు.

ఆంప్లిఫయరు లోపల రెండు ఇళ్లున్నాయనుకోండి. మొదటి ఇంట్లో గిటారుకు గొంతు తయారవుతుంది, రెండో ఇంట్లో ఆ గొంతుకు బలమొస్తుంది. ఎకోను మొదటి ఇంటి ముందే పెడితే అది కూడా గొంతుతో పాటు ఉడికి సంకటి అవుతుంది. రెండు ఇళ్ల నడుమ పెడితే తేటగా ఉంటుంది. అందుకని పెట్టె వెనక రెండు రంధ్రాలు చేశాను. ఒకటి శబ్దం ఎకో డబ్బాకు పోయే దారి, రెండోది తిరిగి లోపలికి వచ్చే దారి. చిక్కు ఏమిటంటే, ఆ నడుమ ఉండే జోరుకు ఎకో డబ్బా తట్టుకోలేదు. పోయేటప్పుడు తగ్గించి పంపాలి, వచ్చాక మళ్లీ పెంచుకోవాలి. దానికోసం ఇంకో చిన్న వాల్వు పెట్టాను. ఆ ఒక్క గాజుబుడ్డిలోనే రెండు సగాలుంటాయి. ఒక సగాన్ని పోయే దారికి, ఇంకో సగాన్ని వచ్చే దారికి కాపలా ఉంచాను. మొదటిసారి కట్టినప్పుడు తేనెటీగల పట్టు కదిలించినట్టు ఒకటే గుయ్యిమని మోత. ఎర్తు తీగను వేరే దారిన తిప్పాను, వాల్వును వెలిగించే తీగలను జడలా మెలిపెట్టాను, రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాను. పదకొండు రోజులకు మోత చచ్చింది. వచ్చే రంధ్రంలో ఒక చిన్న నాలుక కూడా పెట్టాను. ఎకో డబ్బా లేని రోజున ఆ నాలుకే రెండు ఇళ్లనూ కలిపి ఉంచుతుంది. పిన్ను దూరిస్తే నాలుక పక్కకు జరిగి, డబ్బా నుంచి వచ్చే శబ్దానికి దారి ఇస్తుంది.

ఏ రంధ్రం ఏదో రాయడం నాకు రాదు కదా. మా మరదలి గోళ్ల రంగు అడిగి తెచ్చి, పోయే దారికి ఎర్ర చుక్క, వచ్చే దారికి ఆకుపచ్చ చుక్క పెట్టాను. సారు చూసి నవ్వాడు.

"ఇదేంటయ్యా మేస్త్రీ, వంటింటి గోడకు పెట్టినట్టు బొట్లు పెట్టావు? నలుగురూ చూసేది. నేను రేకు కొట్టిస్తాలే."

అన్నట్టే వర్క్‌షాపులో అల్యూమినియం రేకు మీద సెండ్, రిటర్న్ అని ఇంగ్లీషు అక్షరాలు చెక్కించి తెచ్చాడు. నా చుక్కలు గీకేసి, నాలుగు స్క్రూలతో తనే బిగించాడు. నేను దుకాణంలో ఉన్నాను, చూడలేదు. చూసినా నాకేం తెలిసేది?

ప్రతిష్ఠ రోజు పందిరి నిండా జనం. అడవి ఊళ్ల వాళ్లు కోయ భాషలో ఒక పాట పాడి కూర్చున్నారు. తర్వాత సారు లేచి, రేకు చూసి ఎకో డబ్బా తీగలు పెట్టి, గిటారు మీటాడు. చప్పుడు లేదు. మళ్లీ మీటాడు. లేదు. నేను జనంలోంచి లేచి దగ్గరికి పోయాను.

"సార్, ఒక్కసారి వెనక చూడనియ్యున్రి" అన్నాను.

"చూసి ఏం చేస్తావు? ఇదిగో, రేకు మీద రాసే ఉంది. చదువు. చదివి చెప్పు."

నన్ను వెనక్కి వంగనివ్వలేదు. ఆయన తీగలు రెండూ పీకేశాడు. గిటారు మోగింది. మోగదా మరి, నాలుక పెట్టిందే అందుకు. కానీ చూసేవాళ్లకు ఏం కనబడింది? నేను కట్టింది పెడితే మూగ, తీసేస్తే మోత. సారు మైకు దగ్గరికి పోయి, "చదువు రాని చేతికి కరెంటు పని ఇస్తే ఇంతే. దేవుడి దయ, ఎవరికీ షాకు కొట్టలేదు" అన్నాడు. పందిరంతా నవ్వింది. ఎవరో అలవాటుకొద్దీ ఆమెన్ అన్నారు.

ఆ ఆమెన్ నా చెవుల్లోంచి పోలేదు. వారం తిరగకముందే మందిరాల పెట్టెలు రావడం ఆగిపోయింది, నెలకు బ్యాండు వాళ్లవి కూడా. నా పేరు బొట్ల మేస్త్రీ అయింది. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేసుకుంటూ బతికాను. నా భార్య మళ్లీ ఆ మందిరం గడప తొక్కలేదు. పాతికేళ్లు ప్రతి ఆదివారం మేమిద్దరం బస్సెక్కి వేరే ఊరి మందిరానికి పోయాం. ఆ పెట్టెను ఇంకెవరూ విప్పకుండా సారు లోపలి గదిలో పెట్టించాడు. ఆదివారం బయటికి తెచ్చినా ఎకో లేకుండానే వాయించుకున్నారు. అన్నిటికన్నా నన్ను తిన్నది వేరే ఉంది. నిజంగా నేనే తప్పు కట్టానేమో అని. పళ్లు తోముకుంటూ, బస్సులో కూర్చుని, ఆ తీగలన్నీ మనసులో మళ్లీ మళ్లీ కట్టుకునేవాణ్ణి. ఎక్కడా తప్పు దొరికేది కాదు. దొరికితే బాగుండు అనిపించేది. మళ్లీ వాల్వు ముట్టలేదు.

యాభై రెండో ఏట, ఒక వానాకాలం, అంగన్‌వాడీలో పనిచేసే మా మరదలు నన్ను కూర్చోబెట్టింది. "బావా, వాల్వు కాళ్లు లెక్కపెట్టినట్టు అక్షరాలు లెక్కపెడ్తవేంది? కలిపి చదువు" అని గదమాయించేది. "నా మొఖానికి గిదే ఎక్కువ, ఊకో" అనేవాణ్ణి. తెలుగు అయ్యాక ఇంగ్లీషు పెద్ద అక్షరాలు కూడా పట్టుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఈస్టరు నాడు మధ్యాహ్నం ఆ మందిరం కొత్త పాస్టరుగారు, కుర్రవాడు, ఆ నల్ల పెట్టెను ఆటోలో తెచ్చి మా ఇంటి ముందు దింపించాడు. "వందనాలు పెద్దాయనా. మందిరానికి పాతికేళ్ల పండుగ. కాలనీ సారు హైదరాబాదు నుంచి వస్తున్నరు, గీ పాత పెట్టె మీదనే వాయిస్తనని పట్టు. ఖమ్మంల అడిగినా వాల్వులు మాకు రావన్నరు. మీ పేరు చెప్పిన్రు" అన్నాడు. ఆయనకు పాత కథ తెలియదు. నేను ఉంచిపొమ్మన్నాను.

విప్పాను. తీగలు అతికించడానికి నేను వేసిన సీసపు టాంకాలు వేసినట్టే మెరుస్తున్నాయి. బొగ్గు దుమ్ము తుడిచి, ఎండిపోయిన రెండు కండెన్సర్లు మార్చి, తీగ తీగా వెతికాను. తప్పు లేదు. అప్పుడు పెట్టెను వెనక్కి తిప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, రేకు చదివాను. నేను లోపలికి తెచ్చుకునే దారి అన్నచోట సెండ్ అని ఉంది. బయటికి పంపే దారి మీద రిటర్న్ అని ఉంది. ఆయన పెట్టె ముందు నిలబడి చూసి కుడి ఎడమలు రాసుకుపోయి చెక్కించి ఉంటాడు. వెనక్కి పోతే కుడి ఎడమవుతుందని అంత చదివినవాడికి తోచలేదు.

నా భార్య అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి రేకు మీద వేలు పెట్టింది.

"రేకు ముట్టకు. గట్లనే ఉండనియ్" అంది.

"పాస్టరు అడిగితే?"

"ఆంప్లిఫయరు బాగయిందని చెప్పు. అబద్ధమా ఏంది?"

అలాగే చెప్పాను. నాలుగు స్క్రూలు విప్పితే పది నిమిషాల పని. విప్పలేదు. ఈ సంగతి ఎవరైనా తప్పంటే అననివ్వండి.

ఇక మొన్నటి ఆదివారం. పాతికేళ్ల తర్వాత నా భార్య కూడా ఆ గడప తొక్కింది. సారు నెరిసిన జుట్టుతో, తెల్ల చొక్కాతో, గిటారు తగిలించుకుని, వంగి రేకు చూసి తీగలు పెట్టాడు. మీటాడు. లేదు. మళ్లీ మీటాడు. లేదు. అప్పుడే నేను గడియారం చూసుకున్నాను. ఆయన మైకు అందుకున్నాడు.

"పాతికేళ్ల కిందా ఇదే జరిగింది. ఈ పెట్టె పుట్టుకలోనే ఏదో లోపముంది. ఎవరు బాగుచేశారు దీన్ని?"

"నేనే సార్" అని లేచాను.

"మీరు..."

"బొట్ల మేస్త్రీని."

నడిచి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని జేబులోంచి కళ్లద్దాలు తీశాను. ఆడవాళ్ల వైపు నుంచి మా మరదలు, "బావా, సరిగ్గ పెట్టుకో, ముక్కు మీదికి జారుతున్నయ్!" అని అరిచింది. కొందరు నవ్వారు. నేను అక్షరాల కింద వేలుపెట్టి పైకి చదివాను. ఎస్. ఈ. ఎన్. డి. అంత నెమ్మదిగా చదవాల్సిన అవసరం నాకిప్పుడు లేదు. కావాలనే చదివాను.

"సెండ్ అంటే ఏంది సార్?"

"పంపడం" అన్నాడాయన.

"గీ రంధ్రం పంపేది కాదు, తెచ్చుకునేది. లోపల కట్టింది నేను. పైన రేకు కొట్టించింది మీరు." తీగలు రెండూ మార్చి పెట్టాను. "ఇప్పుడు వాయించున్రి."

ఆయన ఒక్క తీగ ముట్టుకున్నాడు. మోగింది. ఆ స్వరం వెనకే దాని నీడ, తేటగా, ఎక్కడా ముద్దకాకుండా, గోడ దాకా పోయి వచ్చింది. నేను కట్టినదాన్ని పాతికేళ్ల తర్వాత వింటున్నాను. సంతోషమయింది. ఆయన మళ్లీ మీటకుండా వంగి రేకునే చూడడం చూసి ఇంకా ఎక్కువ సంతోషమయింది.

సారు మైకును అరచేత్తో మూసి నా వైపు వంగాడు. "అన్నా, నాకు ఆ సాయంత్రమే తెలిసింది. అందరూ పోయాక తీగలు మార్చి చూశాను, మోగింది. అప్పటికే మైకులో అనేశాను కదా... ఇవాళ బాగుచేసినవాళ్లు రేకూ సరిచేసి ఉంటారనుకుని దాని ప్రకారమే పెట్టాను, మోగకపోయేసరికి పాత అబద్ధమే మళ్లీ నోటికొచ్చింది." అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు.

నేను అది ఊహించలేదు. తెలియక చేశాడనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన తెలిసి పడుకున్నాడు, తెలిసి లేచాడు. నేను బస్సులో తప్పు వెతుక్కుంటున్న ప్రతి ఆదివారమూ ఆయనకు తెలుసు.

"చెయ్యి తీసి చెప్పు" అన్నాను. సార్ అనలేదు. "గప్పుడు మైకులనే అన్నవు గదా."

పాస్టరుగారు ఏదో సర్దిచెప్పబోతే చెయ్యెత్తి ఆపాను. చివరికి సారు అరచెయ్యి తీశాడు. "ఆ రోజు తప్పు మేస్త్రీది కాదు. రేకు నేను తారుమారు చేశాను. ఆ సాయంత్రమే తెలిసింది. చెప్పలేదు" అన్నాడు. నోటిదాకా 'పర్వాలేదు సార్' అని వచ్చింది, అలవాటు. మింగేశాను. పాస్టరుగారు రేకు సరిచేయమన్నారు. నేను చెయ్యను, బిగించినవాళ్లనే విప్పమనండి అని నా స్క్రూడ్రైవరు ఇచ్చాను. అందరూ చూస్తుండగా సారు మోకాళ్ల మీద కూర్చుని నాలుగు స్క్రూలు విప్పి, రేకు తిప్పి బిగించాడు. దారులు సరిపోయాయి గానీ అక్షరాలు తలకిందులయ్యాయి. అలాగే ఉండనివ్వమన్నాను.

భోజనాల దగ్గర అన్నం వడ్డిస్తూ ఒక ఆడపిల్ల, "తాతా, పొద్దున గా లొల్లి ఏంది? మాకేం సమజ్ కాలే" అంది. ఆ మాటకు తలెత్తి చుట్టూ చూశాను. అక్కడ ఎవరెవరున్నారో ఇంటికొచ్చి రాసుకున్నాను. కుర్ర పాస్టరు, ఆయన భార్య. డ్రమ్ము వాయించే పాస్టరు బావమరిది. వడ్డించిన పిల్లలు. బీడీల తునికాకు కోతకు ఒక్కరోజు సెలవు పెట్టుకుని ఆటోల్లో వచ్చిన అడవి ఊళ్ల ఆడవాళ్లు. తలెత్తకుండా ప్లేట్లోకే చూస్తూ తిన్న సారు రెండో తమ్ముడు. ఆనాడు ఊళ్లో లేని మా మరదలు, ఆమె పెనిమిటి. వీళ్లెవరూ ప్రతిష్ఠ రోజున పందిట్లో లేరు. ఆనాడూ ఈనాడూ ఉన్నది పాత సంఘపెద్ద తల్లి, ఆమెకు రెండు చెవులూ వినబడవు. కాలనీ సారు. నా భార్య. నేను. నవ్విన మిగతావాళ్లలో కొందరు మట్టిలో ఉన్నారు, కొందరు బదిలీల మీద ఊరు దాటిపోయారు, అందరూ నేనే తప్పు కట్టానని నమ్ముకుని పోయారు. పాతికేళ్లు మూసిపెట్టిన మాట బయటికొచ్చేసరికి వినాల్సినవాళ్లే లేరు.