విమానం పోయేదాకా ఆగిన మాట

సుదర్శనం సామి మాట్లాడుతుండగా నెత్తిమీద విమానం వచ్చిందంటే ఆయన ఆగిపోతాడు. నోట్లో మాట నోట్లోనే, చూపుడువేలు గాల్లోనే. విమానం మామిడితోపులు దాటిపోయాక, తెగిన మాట దగ్గరే అందుకుంటాడు. గుడి ట్రస్టు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి కదా, ఫైలు మూసినచోటే తెరవడం అలవాటని మేమంతా అనుకునేవాళ్లం.

తిరుపతి పొలిమేరలో ఉన్న మా కాలనీకి ఆ అలవాటు వల్ల జరిగిన నష్టం తక్కువేమీ కాదు. మునికుమార్ కూతురు ఐశ్వర్యను చూడడానికి సత్యవేడు నుంచి మనుషులు వచ్చారు. పిల్ల ఎలాంటిదని సామిని అడిగారు. "పిల్ల బంగారం. అయితే ఒక సంగతి ముందే చెప్పేస్తా, ఆ పిల్ల చేసే..." అన్నాడు. విమానం వచ్చింది. వేలు లేచింది. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కారెక్కారు. "...పులుసు తిన్నోళ్లు ఇంకో ఇంట్లో చెయ్యి కడగరు" అని సామి పూర్తి చేసేసరికి వినడానికి కారు లేపిన దుమ్మే మిగిలింది. ఆ పిల్లకు తర్వాత ఇంకా మంచి సంబంధమే కుదిరింది, అది వేరే విషయం.

ఆ పూట అక్కడ వసంతమ్మ కూడా ఉంది. వసంతమ్మ లేని పెళ్లిచూపులు మా కాలనీలో జరగవు. ఆమె బడిలో చదివింది ఐదో తరగతి దాకా. మిగతా చదువంతా పక్కిళ్లల్లో పూర్తిచేసింది. ఎవరింట్లో ఏ కూరో, ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆమెకు తెలియాలి. చెప్పింది చాలక "మళ్లీ చెప్పు, మొదట్నించి చెప్పు" అని ప్రతిదీ రెండుసార్లు చెప్పించుకునేది.

సామిని ఆమె ఆడిపోసుకోని రోజు లేదు. "సామీ, నీకు యాడన్నా ప్లగ్గు ఉండాదా? విమానం వచ్చి పీకేసి పోతాండాదే."

"తొందరేముంది వసంతమ్మా. మాట యాడికి పోతాది."

ఇంతలో విమానం తోలడం నేర్పే బడి ఒకటి మా దగ్గర వెలిసింది. ఎల్ బోర్డు కట్టుకున్న ఆటోల్లాగా చిన్న విమానాలు తెల్లవారిందంటే మా మిద్దెల మీద గిరగిరా తిరిగేవి. ఉయ్యాల్లో బిడ్డలకు నిద్ర లేదు, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసివచ్చే మోహనకు అసలే లేదు. మేము ఊరుకుంటామా. అందరం మిద్దెలెక్కి పళ్లాలు మోగించాం. పైన నేర్చుకునేవాడెవడో సంతోషపడి చెయ్యి ఊపాడు. మాలో సగంమంది తిరిగి ఊపారు. ఉద్యమం ఆ పూటకు అక్కడితో ముగిసింది.

చివరికి ఆ బడి మేనేజరు జయరావు మా గోడు వినడానికి వస్తానన్నాడు. ఉండేది కాసేపే. ఆఫీసు భాష తెలిసినవాడు సామి ఒక్కడే, కానీ ఆయన ఆగుతూ కూర్చుంటే మేనేజరు లేచిపోతాడు. సామిని దారికి తెచ్చే పని వసంతమ్మ నెత్తిన వేసుకుంది.

"సామీ, ఈ ఒక్క పూట ఆగకుండా మాట్లాడాల."

"విమానం వస్తే?"

"వస్తే రానీ. నువ్వు దాన్ని మించి అరిచి చెప్పు."

సామి ఆమెను తేరిపార చూశాడు. "నువ్వే అంటాండావు కదా. సరే."

మునికుమార్ ఇంటిముందు షామియానా వేశాం. జయరావు వచ్చి కూర్చున్నాడు. ఆకాశం చూస్తే పిట్ట కూడా లేదు. "ఏదండీ మోత?" అని నవ్వాడు. సామి మొదలుపెట్టాడు. అప్పుడొచ్చింది విమానం. సామి ఆగలేదు. గొంతు చించుకుని చెబుతూనే ఉన్నాడు. ఏమన్నాడో గానీ ముందువరస వాళ్లు నవ్వారు.

వసంతమ్మకు నోళ్లు కదలడం తప్ప ఇంకేమీ అందలేదు. ఆమెకు చెవులు మందగించి కొన్నేళ్లయింది. ఎదురుగా నిమ్మళంగా మాట్లాడితే సరే, మోతలో మాత్రం ఒక్క ముక్క వినపడదు. ఈ సంగతి ఒక్క పురుగుక్కూడా తెలియదని ఆమె నమ్మకం. ఊరందరి గుట్టూ తెలిసిన మనిషికి చెవులే సరిగా లేవని తేలితే, రేపట్నుంచి ఆమెకెవరు చెబుతారు?

జయరావు ఆమె వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆమె నిండుగా నవ్వి తల ఊపింది.

ముందువరస వాళ్లు కొయ్యబారిపోయారు. ఆయన అడిగింది, "మీకేమీ ఇబ్బంది లేదు కదమ్మా?" అని. జయరావు హాయిగా లేవబోయాడు.

సామి వేలు లేచింది. మాట ఆగింది. రెండో చేత్తో జయరావును కూర్చోమన్నాడు. మొదటి విమానం వెనకే రెండోది వచ్చింది. జయరావు ఏదో చెప్పబోయాడు, ఆయన మాట ఆయనకే వినపడలేదు. ఎవరూ కదల్లేదు. అందరం ఆ మోత కింద తలలు వంచుకుని కూర్చున్నాం. మేనేజరు చెమట తుడుచుకున్నాడు.

మోత పోయాక సామి అన్నాడు, "ఇప్పుడు అడగండి సార్ ఆమెను. ఇందాక మీరడిగింది పక్కనున్న నాకే వినపళ్లా."

జయరావు అడిగాడు. ఇక వసంతమ్మ వదిలిందా. ఏ ఇంట్లో ఏ బిడ్డ ఎప్పుడు ఉలిక్కిపడి లేస్తుందో, మోహన చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటే పాలవాడు తలుపు కొట్టి కొట్టి ఎలా పోయాడో, ఇంటింటి భాగోతం విప్పింది. ఆమె ఆరా ఊరికి పనికిరావడం అదే మొదలు. ఉదయం పూట విమానాలను ఏటి ఇసుక మీదుగా తిప్పుతామని ఒప్పుకుని జయరావు బయటపడ్డాడు. మధ్యాహ్నాలు మాత్రం తప్పదన్నాడు.

గ్లాసులు ఎత్తుతూ వసంతమ్మ సామి భార్యను కదిలించింది. "ఇంట్లో ఈ మనిషితో ఎట్లా ఏగుతాండావు కోమలవల్లీ, విమానం వస్తే సాలు, ఆగిపోతాడే."

"ఇంట్లోనా? ఇంట్లో యాడ ఆగుతాడక్కా. విమానమే ఆగి వినాల. నువ్వు పక్కనుంటేనే ఆయనకు ఆ మౌనం."

వసంతమ్మ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. తర్వాత కుర్చీలు మడుస్తున్న సామి దగ్గరికి మెల్లగా నడిచింది. తనూ ఒక కుర్చీ అందుకుని మడిచింది. సామే మాట మొదలుపెట్టాడు.

"రేపు టౌన్‌లో చెవుల డాక్టరు దగ్గరికి పోతాండా. ఒక్కణ్ణే పోవాలంటే భయం. తోడొస్తావా?"

"నీకేమొచ్చినాది సామీ? పాముచెవులు నీవి."

"ఏమీ రాలేదని ఆయన నోటితో చెప్పాల కదా."

వసంతమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఇంకెవరైనా అయితే ఎందుకు, ఎప్పట్నించి, నీకెవరు చెప్పినారు అని గుక్కతిప్పుకోకుండా ఆరా తీసేది.

"బస్సు ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది.