డెల్మార్ తేల్చని కాలిబర్

కయోటీని కొట్టడానికి ఏ కాలిబర్ రైఫిలు, అంటే ఎంత లావు తూటా పట్టేది, మంచిదో తేల్చుకోలేక డెల్మార్ క్విస్ట్ మా కొట్టు చుట్టూ పద్నాలుగేళ్ళు తిరిగాడు. పెళ్ళి సంబంధాల కోసం అన్నేళ్ళు తిరిగినవాణ్ణి కూడా నేను చూడలేదు. ప్రతి శనివారం పొద్దున తొమ్మిదింటికి వచ్చేవాడు. గోడకు వరసగా నిలబెట్టిన రైఫిళ్ళను ఒక్కొక్కదాన్నే పలకరించినట్టు చూసి, "ఈ వారం 243 కాలిబర్ గురించి కాస్త ఆలోచించానబ్బాయ్" అనేవాడు. నాకు యాభై రెండేళ్ళు. ఆయనకు డెబ్బై నాలుగు కాబట్టి నేను అబ్బాయినే.

మాది అమెరికాలోని వ్యోమింగ్‌లో గొర్రెల ఊరు. ఇక్కడ మనుషులకంటే గొర్రెలెక్కువ, గొర్రెలకంటే గాలెక్కువ. మా కొట్లో మేకులు, పంపు సామాన్లు, గొర్రెల మందులు, తుపాకులు అన్నీ దొరుకుతాయి. గొర్రెలు ఈనే రోజులు రాగానే గుట్టల మీంచి కయోటీలు దిగుతాయి. తోడేలు ఆకలీ నక్క తెలివీ కలిసిన జంతువది. పుట్టిన పిల్ల ఒంటిమీద తడి ఆరకముందే ఎత్తుకుపోతుంది. అందుకే మా ఊళ్ళో కాలిబర్ సంగతి మతం సంగతితో సమానం. తండ్రి 22-250 వాడితే కొడుకూ అదే వాడతాడు. 243 వాడే ఇంటి పిల్లను చేసుకుంటే పండగ భోజనాల దగ్గర కొంచెం ఇబ్బందే.

డెల్మార్ ఏ మతంలోనూ చేరలేదు. 223 మంచిదని ఎవరైనా అంటే, మంచిదేగాని మన గాలికి ఆ తూటా పక్క జిల్లాలో పడుతుందనేవాడు. 22-250 అంటే, దూకుడెక్కువ, నాలుగేళ్ళలో గొట్టాన్ని తినేస్తుందనేవాడు. 243తో కొడితే కయోటీ రెండుసార్లు చస్తుందట, ఒకసారి చాలట. 17 మాటెత్తితే, దోమల బెడద ఉన్నవాళ్ళకు సిఫార్సు చేస్తాననేవాడు. మరి ఏది కొనాలయ్యా అని అవతలివాడు జుట్టు పీక్కుంటే, "అదేగా తేలడం లేదు" అని వాడికంటే ఎక్కువ బాధపడేవాడు.

ఒకసారి డెన్వర్ నుంచి ఒకాయన కొత్త బూట్లు, కొత్త చొక్కా, నిండు జేబుతో వచ్చాడు. కయోటీ రైఫిలు కావాలన్నాడు. నేను లోపలికి వెళ్ళి తాళాలు తెచ్చేలోపు డెల్మార్ ఆయన పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఎంత దూరం నుంచి కొడతారు, తోలు అమ్ముకుంటారా పారేస్తారా, వెనక ఏముంటుంది, భుజం ఎప్పుడైనా విరిగిందా అని మూడు గంటలు అడిగాడు. చివరికి ఆయన చేపల గాలం కొనుక్కుని వెళ్ళిపోయాడు. నేను తలపట్టుకుంటే, మంచి నిర్ణయం తీసుకున్నాడని డెల్మార్ మెచ్చుకున్నాడు.

మా వైపు కయోటీని కొట్టినవాడు దాన్ని రోడ్డు పక్కనున్న తన కంచె గుంజకు తలకిందులుగా వేలాడదీస్తాడు. వచ్చేపోయేవాళ్ళు లెక్కపెట్టి, ఫలానావాడి గురి బాగుంది, ఫలానావాడికి వయసైపోతోంది అని చెప్పుకుంటారు. డెల్మార్ కంచెకు ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. ఒక క్రిస్మస్‌కు ఎవరో ఆకతాయిలు బొచ్చు బొమ్మకుక్కను తెచ్చి ఆయన గుంజకు కట్టారు. ఆయన దాన్ని విప్పలేదు. శనివారం వచ్చి, "తోలు మీద చిల్లు కూడా లేదు. ఏ కాలిబర్ వాడారో కనుక్కో" అని నాతో అన్నాడు.

ఇదిలా ఉండగా మైటే ఎచెవెరీ కథ మొదలైంది. మైటే భర్త పోయి రెండు చలికాలాలైంది. ఎనిమిది వందల తల్లిగొర్రెల్ని ఒక కుక్క సాయంతో ఒంటిచేత్తో చూసుకుంటోంది. మందలో, బీడులో సగం వాటా ఆమె మరిది పియెర్‌ది. పియెర్ ఊళ్ళో టైర్ల కొట్టు నడుపుతూ, గొర్రెల్ని వాసన తగలనంత దూరం నుంచి ప్రేమిస్తాడు. పోయిన ఏడు కయోటీలు అరవై ఒక్క పిల్లల్ని తినేశాయి. ఈ ఏడు కూడా అలాగే అయితే సెప్టెంబరులో మందా బీడూ రెండూ అమ్మించేస్తానని, ఊళ్ళో చిన్న ఇల్లు చూసుకోమని పియెర్ ఆమెతో చెప్పేశాడు. ఆ మాట విని సాయం చేస్తామని వెళ్ళిన ఇరుగుపొరుగుల్ని ఆమె గేటు దగ్గరే నిలబెట్టింది. నా గొర్రెల్ని నేను కాచుకోలేనని ఎవరన్నారని అడిగి, కాఫీ కూడా ఇవ్వకుండా పంపేసింది. మా ఊళ్ళో కాఫీ ఇవ్వకుండా పంపడమంటే చెంప పగలగొట్టినట్టే.

మార్చిలో ఒక శనివారం మైటే మా కొట్టుకు వచ్చింది. "కయోటీని కొట్టే రైఫిలొకటి ఇవ్వు. కబుర్లొద్దు" అంది. ఆ రెండో మాట నాతో కాదని అందరికీ తెలుసు. నేను 223 తీస్తుంటే డెల్మార్ మధ్యలో చెయ్యి పెట్టాడు. రైఫిలు మీద పెట్టే దుర్భిణి ఒకటి తీసి ఆమె చేతికిచ్చి, రోడ్డుకు అవతలున్న ధాన్యం గోదాము బోర్డు చదవమన్నాడు. ఆమె కంటికి ఆనించుకుని తడుముకోకుండా, "పీటర్సన్ ధాన్యం గోదాము" అని చదివింది.

పీటర్సన్ ఆ గోదాము అమ్మేసి నెలైంది. కొన్నవాడు బోర్డంతా మూరెడేసి అక్షరాలతో తన పేరు రాయించుకున్నాడు. ఆ మాట చెబుదామని నేను నోరు తెరిచాను. డెల్మార్ బూటు నా కాలి మీద పడింది. చూసుకోక తొక్కాడనుకున్నాను గాని ఎంతకీ తియ్యడే.

"కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. చిక్కల్లా కాలిబర్‌తోనే" అని ఆయన మొదలుపెట్టాడు. గాలి, బరువు, భుజం మీద దెబ్బ, గొట్టం పొడవు, ఒక్కొక్కటే వివరంగా చెప్పుకొచ్చాడు. గంటన్నర తర్వాత మైటే దుర్భిణిని బల్ల మీద పెట్టి, రేపోమాపో గొర్రెలు ఈనబోతుంటే ఈయన పాఠాలు చెబుతున్నాడంది. అప్పుడు డెల్మార్ కాస్త మొహమాటపడుతున్నట్టు గొంతు తగ్గించాడు.

"మైటే, నువ్వు నాకో సాయం చెయ్యాలి. మా గాడిద బిషప్ లేడూ, ఒంటరితనంతో దిగులు పెట్టుకున్నాడు. తిండి ముట్టడం లేదు. నీ గొర్రెల్లో వదిలితే కాస్త కోలుకుంటాడు. అలవాటైతే కయోటీల్ని కూడా తరుముతాడేమో."

"ఎన్నాళ్ళు?"

"కాలిబర్ తేలేదాకా."

"అయితే వాడు నా దగ్గరే ముసలాడై పోతాడు" అంది మైటే. కానీ ఎవరికైనా సాయం చెయ్యమంటే కాదనే మనిషి కాదు. తీసుకురమ్మంది.

తిండి ముట్టని బిషప్ పొట్ట దాదాపు నేలకు ఆనుతుంది. కొన్ని గాడిదలు కయోటీల్ని తన్ని తరిమే మాట నిజమే. బిషప్ మాత్రం కోడిపెట్ట ఎదురొస్తే పక్కకు తప్పుకునే రకం. ఒక బేరం పోయింది, ఒక కాలు వాచింది, పాపం ఆవిడకు ఒక పనికిరాని గాడిద అంటగట్టారు అనుకుని ఆ రోజంతా నేను చిరాకుపడ్డాను.

అయితే గొర్రెలు ఈనడం మొదలయ్యాక వింత జరిగింది. మైటే మందలో పిల్లలు పోవడం ఆగింది. చుట్టుపక్కల మందలన్నిటిలో నష్టాలే, ఆమె దగ్గర మాత్రం ఏప్రిల్లో మూడు, మేలో రెండు, అవీ మంచుకు పోయినవే. బిషప్ పేరు మారుమోగిపోయింది. పక్క జిల్లాల నుంచి వచ్చి వాడితో ఫోటోలు దిగారు. పియెర్ సైతం ముక్కు మూసుకుని వచ్చి వాడికో ఆపిలు తినిపించాడు. వాడి చూపులోనే ఏదో ఉందని మా పాదిరిగారు అన్నారు. వాడి చూపులో నాకు గడ్డి తప్ప ఏమీ కనబడలేదు.

మైటే శనివారాలు వస్తూనే ఉంది. డెల్మార్ కాలిబర్ దాటి తూటా బరువుకూ, బరువు దాటి చెక్కపిడి పొడవుకూ వెళ్ళాడు గాని ఆమెను రైఫిలు ముట్టుకోనివ్వలేదు. ఊళ్ళోవాళ్ళకు ఒళ్ళుమండింది. నాకూ మండింది. ఒకరోజు ఆమె వెళ్ళాక ఉండబట్టలేక అడిగేశాను.

"మీకు కాలక్షేపం. ఆవిడకు బతుకు. ఆ గాడిదకు రేపేదైనా అయితే ఆవిడ గతేంటి?"

"తొందరపడి కొంటే జీవితాంతం బాధపడాలబ్బాయ్" అన్నాడాయన. ఆ రోజు నేను ఆయనకు రెండో కప్పు కాఫీ పోయలేదు.

జూన్ మొదట్లో మైటే బీడులో నీళ్ళ పంపు ఆగిపోయిందంటే తెల్లవారుతుండగానే బయల్దేరి వెళ్ళాను. గేటు దగ్గర దిగుతుంటే గుట్ట వైపు నుంచి టప్‌మని ఒక్క చప్పుడు వినిపించింది. మందకు నూరు గజాల దూరంలో ఒక కయోటీ పడి ఉంది. బిషప్ దానికి వీపు పెట్టి నిలబడి మేస్తున్నాడు. ఒక చెవి కదిపాడు, అంతే. నేను గుట్ట ఎక్కాను. పైన పాత దుప్పటి మీద బోర్లా పడుకుని డెల్మార్ ఉన్నాడు. పక్కన వార్నిషు మొత్తం పోయిన రైఫిలు. అది 222. నేను పలకాబలపం పట్టకముందే దాన్ని వాడడం అందరూ మానేశారు.

అది ఆయన నాన్నదట. యాభై ఏళ్ళుగా దాంతోనే కొడుతున్నాడట, కంచెకు కట్టే అలవాటు మాత్రం లేదట. పేలిన తూటాల ఖాళీ తొడుగులు ఏరుకుని ఇంట్లోనే మళ్ళీ మందు నింపుకుంటాడు కాబట్టి మా కొట్లో తూటాలు కొనే పని పడలేదు. మార్చి నుంచి రోజూ చీకటితోనే లేచి, తన బండి ఎవరికీ కనబడకుండా రెండు మైళ్ళ అవతల ఆపి నడిచి వస్తున్నాడు. కొట్టినవాటిని కంచెకు కట్టకుండా లోయలోకి లాగేస్తున్నాడు. కంచెకు కడితే లెక్కపెడతారు, లెక్కపెడితే ఎక్కడ కొట్టావంటారు, ఆ సంగతి మైటే దాకా వెళుతుంది.

"ఆవిడ కంటికి బోర్డు ఆనలేదబ్బాయ్. బట్టీపట్టింది చదివింది. కొత్త బోర్డు సంగతి నువ్వు చెప్పుంటే సాయంత్రానికి పియెర్‌కు తెలిసేది. వాడు సెప్టెంబరు దాకా కూడా ఆగడు. రైఫిలిస్తే మొదటిరోజే తన కుక్కనే కొట్టుకుంటుంది. వద్దంటే ఎందుకొద్దని అడుగుతుంది. నేను కాలిబర్ గురించి మాట్లాడితే మాత్రం ఎందుకని ఎవరూ అడగరు."

నాకు సిగ్గేసింది. పద్నాలుగేళ్ళుగా నేను నవ్వుకున్న మనిషి, నవ్వులపాలు కావడాన్నే గొడుగులా పట్టి ఆవిడ పరువు కాపాడుతున్నాడు. యాభై ఏళ్ళుగా ఇది చేతిలో ఉంచుకుని ఇన్ని శనివారాలు మమ్మల్ని ఎందుకు చంపుకుతిన్నారని అడిగాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు.

"ఇదే సరైనదని నేనెప్పుడైనా అన్నానా? సరైంది దొరికేదాకా దీంతో సర్దుకుంటున్నా" అన్నాడు.

సెప్టెంబరులో పియెర్ వచ్చి అమ్మకానికి గొర్రెపిల్లల్ని లారీలకు ఎక్కిస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆ బీడులో అంత పంట ఎప్పుడూ దిగలేదు. ఇక అమ్మకం మాట ఎత్తనని, వచ్చే అయిదేళ్ళకు బీడు మైటే చేతిలోనే ఉంటుందని కాగితం మీద సంతకం పెట్టాడు. పోతూపోతూ బిషప్‌ను అమ్ముతారా అని అడిగాడట.

ఆ తర్వాతి శనివారం ఎనిమిదిన్నరకే మైటే మా కొట్టుకు వచ్చింది. కోటు జేబులోంచి ఒక ఖాళీ ఇత్తడి తొడుగు తీసి బల్లమీద పెట్టింది.

"ఈ రకానివి ఒక పెట్టె ఇవ్వు."

ఎక్కడిదని ఏమీ ఎరగనట్టు అడిగాను. నటన నాకు చేతకాదని మా ఇంట్లోనూ అంటారు.

"గుట్ట మీద కాలికి తగిలింది. నాకు కళ్ళు తగ్గాయి గాని చెవులు తగ్గలేదు. మార్చి నుంచి పొద్దున్నే ఒకటే చప్పుడు. గాడిదలు అలా అరవవు."

ఆయనకు ఏమని చెప్పమంటారన్నాను. థాంక్సులు చెబితే ఇద్దరికీ ఇబ్బందేనంది. బిషప్ పంపాడని చెప్పి ఇమ్మంది. కళ్ళల్లో శుక్లాలు ఉన్నాయని, మంద పోతుందన్న భయంతో ఇన్నాళ్ళూ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదని, వచ్చే నెల రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించుకుంటున్నానని కూడా చెప్పింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"వసంతానికి నాకు రైఫిలు కావాలి. ఈసారి నిజంగా. కాలిబర్ తేల్చి ఉంచమని చెప్పు."

తొమ్మిదింటికి డెల్మార్ వచ్చాడు. అటక మీంచి తీసి దుమ్ము దులిపి ఉంచిన 222 పెట్టెను ఆయన ముందు పెట్టి, బిషప్ పంపాడన్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. చివరికి పెట్టె మీది చిన్న అక్షరాలు చదివి, యాభై గ్రెయిన్ల బరువున్న తూటాలని, యాభై అయిదైతే గాలికి ఇంకాస్త నిలబడేవని గొణిగాడు. మార్చమంటారా అంటే వద్దన్నాడు. పెట్టెను కోటు లోపలి జేబులో పెట్టి గుండీలన్నీ బిగించుకున్నాడు.

అప్పుడు కళ్ళ ఆపరేషన్ సంగతీ, వసంతానికి రైఫిలు సంగతీ చెప్పాను. ఆయన ముఖం మొత్తం సంతోషంతో వెలిగింది, వెంటనే కంగారు మొదలైంది. కుర్చీ గోడ దగ్గరికి లాక్కుని రైఫిళ్ళ వరసను మొదటినుంచి చూడసాగాడు.

"వసంతానికా? ఆర్నెల్లే టైముందబ్బాయ్. అంత హడావిడిగా ఎలా తేలుస్తాం?"