నల్లద్రాక్షలో తెల్లద్రాక్ష

జాతకాల బూటకం మీద ఉపన్యసించి తిరిగి వస్తుండగా, కొత్తవలస స్టేషనులో మా ఊరి మనిషి ఎదురై, "మీ బావ పోనాడు బాబూ" అన్నాడు. ఎవరేం చెప్పినా రుజువేదని అడిగే నేను ఏమీ అడక్కుండానే ఆమదాలవలస బండెక్కాను. అప్పలస్వామి నా చెల్లెలి భర్త. ఆమదాలవలసలో బెల్లం వ్యాపారి. మా చర్చాగోష్ఠిలో నా మాటకు ఎదురు నిలిచే ఒకే ఒక్కడు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో సిపాయిగా ఇటలీ వెళ్లి, కియాంటి అనే కొండసీమలో కొన్నాళ్లు ఒక రైతు ఇంట బస చేశాడు. అక్కడి ద్రాక్షసారాకు ఆ సీమ పేరే పేరు. సాంజొవేసె అనే నల్లద్రాక్ష అందులో ముఖ్యం. దానికి కొంచెం తెల్లద్రాక్ష కూడా కలపడం ఆచారం. ఈమధ్య ఆ దేశ ప్రభుత్వం దీన్ని చట్టం చేసింది. ఆ సీమలో పండి, ఆ రకాలు ఆ పాళ్లలో కలిస్తేనే సీసా మీద ఆ పేరు వెయ్యాలి. పత్రికలో ఆ వార్త చూసి బావ పొంగిపోయి, గోష్ఠిలో అందరికీ వివరించాడు.

నేను లేచి గర్జించాను. "మనుషుల కులాలతోనే చస్తున్నాం. పళ్లకు కూడా గోత్రాలా?"

"కులమేటి బావా! కులమైతే కలపొద్దంటాది. ఇది కలిపితేనే పేరంటాది. తెల్లపండు పడకపోతే, నల్లపండు ఎంత మంచిదైనా ఆ పేరు రాదు. తెలిసిందా, ఉపన్యాస కేసరీ?"

సభ గొల్లుమంది.

మా వైపు బెల్లాన్ని అనకాపల్లి బెల్లమంటే ధర ఎక్కువ పలుకుతుంది. కొందరు అలాగే అమ్ముతారు కూడా. బావ మాత్రం "ఇది మన ఆమదాలవలస బెల్లం" అని చెప్పి మరీ అమ్మేవాడు. ఒక పెళ్లిపెద్ద ఆయన చెవిలో, "అనకాపల్లిదని సెప్పీవయ్యా, వియ్యాలోరు వింటన్నారు" అని బతిమాలాడు. "లోపల లేంది పైన రాయకూడదు మావా. అబద్దం కావాలంటే ఇంకో కొట్టు సూసుకో" అన్నాడు బావ. బేరం పోయింది.

ఆ మాటే ఆయన దినకార్యం కార్డుకు అడ్డం వచ్చింది. కార్డు మీద ఆయన తమ్ముడు "శివైక్యం చెందారు" అని రాశాడు. నేను మండిపడ్డాను.

"దేవుడు లేడన్న మనిషిని చచ్చాక శివుడిలో కలుపుతావట్రా? నాస్తికుడని వెయ్యి!"

"కార్డు మీద నాస్తికుడా! సుట్టాలు మొకాన ఉమ్మేస్తారు."

గొడవ విని నా చెల్లెలు పైడమ్మ లోపలినుంచి వచ్చింది.

"ఆపండర్రా! అన్నియ్యా, ఏటేటా శివరాత్రికి శ్రీముఖలింగం నన్ను తీసుకెల్లీవోడు ఎవులు? మీ బావే. గుడి గుమ్మం కాడ నా సెప్పులు సేత్తో పట్టుకుని నిలబడీవోడు. తాను దణ్ణం ఎట్టనేదు, నన్ను ఎట్టొద్దననేదు. మీరు రాసిన మాటల్లో ఆ మడిసి కనబడతన్నాడేటి?"

"మరేటి రాయమంటావే?" అని అడిగాను.

"పోనాడని రాయండి. అదొక్కటే నిజం."

కార్డు అలాగే అచ్చయింది. ఆయన స్మృతికి రాస్తున్న ఈ వ్యాసంలో కూడా ఆయన పేరు ముందు నాస్తికుడని రాసుకుని, కొట్టేశాను.

చేతులు జోడించడం నాకు అలవాటు లేదు. గోష్ఠిలో ఆయన కూర్చునే బల్ల ముందు లేచి నిలబడ్డాను. ఇక అక్కడినుంచి "కులమేటి బావా" అన్న గొంతు లేవదు. ఇప్పుడు మా గోష్ఠిలో మిగిలింది నల్లపండొక్కటే. అది ఎంత మంచిదైనా ఆ పేరు రాదు.