బూడిద కలిపిన కప్పు

మేస్త్రి తాత ఈ లోకంలో నమ్మేది తన బొటనవేలినొక్కదాన్నే. ముక్కుపొడుమైనా సిమెంటైనా చిటికెడు నలిపి, వాసన చూసి, ముఖం చిట్లించనిదే ఒప్పుకోడు. తనకోసం కట్టిస్తున్న గది కప్పుకు కూతురు బొగ్గు కరెంటు కేంద్రాల బూడిద కలిపిన సిమెంటు తెప్పించిన నాటి నుంచి ఆయన కంటి మీద కునుకు లేదు.

"బూడిద కలిపినంత మేర సిమెంటు వాడకం తగ్గితే, దాన్ని చేసే ఫ్యాక్టరీల పొగ తగ్గుతుంది నాన్నా."

"పొగ తగ్గి, కప్పు నా నెత్తిన పడుతుంది. గిన్నెలు తోముకునే బూడిదమ్మా అది! దాని కింద నేను పడుకోను."

కప్పు పోసిన మర్నాడే పైకెక్కి మేకుతో గీకాడు. గీత పడింది. "చూశావా!"

"నిదానంగా గట్టిపడుతుంది. తడుపుతూ ఉండాలంతే."

కూతురు తడుపుతుందన్న నమ్మకం లేక తాతే రోజూ తడిపాడు, రోజూ గీకాడు. నెల తిరిగేసరికి గీత పడలేదు సరికదా, మేకే వంగింది. తాత దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "దొంగవెధవలు, ఇనుములోనూ బూడిద కలుపుతున్నారు," అని గొణుక్కుంటూ తన పరుపుచుట్టను కొత్త గదిలోకి మోసుకెళ్లాడు.